ఆటగాళ్లు టేబుల్ దగ్గరికి వచ్చేది సెట్టింగ్ కోసమా, రూల్స్ కోసమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకూ ఇది: వైజాగ్‌లో నలుగురు స్నేహితులతో టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ (ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు అందులో పాత్రలై మాటలతో, పాచికలతో ఆడేది) మొదలుపెట్టాలనుకుంటున్నారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ పుస్తకాలు మూడూ కొనేశారు. ఒక ఫ్రెండేమో "ప్రపంచం బాగుంటే చాలు, రూల్స్ ఎవడు చూస్తాడు" అంటున్నాడు. ఇంకొకామె "రూల్స్ బాలేకపోతే రెండో వారం నుంచి ఎవరూ రారు" అంటోంది. ఎవరి మాట వినాలని మీ సందేహం.

ఇద్దరి మాటా నిజమే, కాకపోతే వాళ్లు మాట్లాడుతున్నది వేర్వేరు వారాల గురించి. మొదటి వారం మనుషుల్ని రప్పించేది సెట్టింగ్, అంటే కథ జరిగే ప్రపంచం. ఆరో వారం కూడా సాయంత్రం ఖాళీ చేసుకుని వచ్చేలా చేసేది రూల్స్. అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. ఆట నడిపేవాళ్లు "సెట్టింగ్" అని మురిసిపోయేది ఒకటి, ఆటగాడిని లాగే సెట్టింగ్ ఇంకొకటి. ఆ తేడా తెలియడానికి నాకు ఓ అరవై పేజీల రాత వృథా అయింది, ఆ కథ కూడా చెబుతాను. కాస్త పొడుగ్గా ఉంటుంది, టీ పెట్టుకుని చదవండి.

నేను ఈ ఆటలోకి వచ్చింది 2007లో, అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నప్పుడు. ల్యాబ్‌లో పక్క సీటు అబ్బాయి "శుక్రవారం రాత్రి ఖాళీయేనా, పిజ్జా ఉంటుంది" అన్నాడు. నిజం చెప్పాలంటే పిజ్జా కోసమే వెళ్లాను. ఎల్ఫ్ అంటే ఏంటో తెలీదు. చేతిలో పెట్టిన క్యారెక్టర్ షీట్, అంటే నా పాత్ర వివరాల కాగితం, చూస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ ఫారమ్ గుర్తొచ్చింది. గంటసేపు ఎవరేం మాట్లాడుతున్నారో పట్టుకోలేక కూర్చున్నాను. అప్పుడు ఆట నడిపేవాడు నా వైపు తిరిగి, "తలుపు తెరుచుకుంది. లోపల చీకటి. ఎక్కడో దూరంగా ఎవరో నీళ్లు తోడుతున్న చప్పుడు. నువ్వేం చేస్తావు?" అన్నాడు. చిన్నప్పటి నుంచి ఆడిన ఏ ఆటలోనూ నన్నెవరూ అలా అడగలేదు. అష్టాచెమ్మాలో గవ్వలు ఎన్ని పడితే అన్ని గళ్లు జరగడమే, అక్కడ నా ఇష్టమంటూ పెద్దగా ఏమీ లేదు. ఇక్కడ నలుగురు నా నోటి వైపు చూస్తున్నారు. "నేను అడుగు చప్పుడు కాకుండా చెప్పులు విప్పేస్తాను" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వకుండా, ఆ చెప్పులు విప్పినందుకే దొంగ అడుగుల రోల్‌లో (పని అయిందో లేదో తేల్చడానికి వేసే పాచిక) నాకు లాభం ఇచ్చాడు. ఆ రాత్రి ఇంటికెళ్లాక నిద్ర పట్టలేదు.

ఆ క్షణంలో నన్ను పట్టుకున్నది సెట్టింగా, రూలా? విడదీయమంటే ఇప్పటికీ విడదీయలేను. చీకట్లో నీళ్లు తోడే చప్పుడు సెట్టింగ్. చెప్పులు విప్పితే లాభం రావడం రూల్. రెండోది లేకపోతే మొదటిది రేడియో నాటకం అయ్యేది. మొదటిది లేకపోతే రెండోది లెక్కల పరీక్ష.

ఇక చరిత్రలోకి వెళ్దాం, ఎందుకంటే ఈ వాదనకు సాక్ష్యాలు అక్కడే దొరుకుతాయి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన మొదటి డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్) పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు ఉండేవి. మొదట అచ్చేసినవి వెయ్యి. అందులో ప్రపంచం అంటూ దాదాపు ఏమీ లేదు. అడవుల్లో తిరగాలంటే వేరే కంపెనీ అమ్ముతున్న బోర్డు గేమ్ మ్యాప్ వాడుకోమని రాశారు! అయినా ఆట అంటుకుంది. "చూశారా, రూల్సే గెలిచాయి" అంటారు కొందరు. తొందరపడకండి. పెట్టెలో ప్రపంచం లేకపోయినా కొనేవాళ్ల బుర్రల్లో ఉంది. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ రాసిన టోల్కీన్ కథలు అప్పటికే కాలేజీ కుర్రాళ్లందరి నోళ్లలో నానుతున్నాయి. ఆట మొదటి ముద్రణల్లో ఆయన కథల్లోని హాబిట్లు, ఎంట్‌లు, బాల్‌రాగ్‌లు ఆ పేర్లతోనే ఉండేవి, 1977లో హక్కులవాళ్లు అభ్యంతరం పెట్టాక హాఫ్‌లింగ్‌లు, ట్రెంట్‌లు, బేలర్‌లు అయ్యాయి. అంటే సెట్టింగ్ లేక కాదు, అరువు తెచ్చుకున్నారు. అరువు తెచ్చుకున్నదాన్ని మళ్లీ వర్ణించక్కర్లేదు కదా.

మరుసటి ఏడాదే, 1975లో, దీనికి సరిగ్గా వ్యతిరేకమైన ప్రయోగం జరిగింది. ఎంఏఆర్ బార్కర్ మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఉర్దూ, దక్షిణాసియా భాషల ప్రొఫెసర్. ఆయన ఏళ్ల తరబడి టేకుమెల్ అనే ప్రపంచం అల్లారు. యూరప్ కోటలు, గుర్రాల జోలికి పోలేదు. ఇండియా, మధ్య అమెరికా నాగరికతల ఛాయలు, పెద్ద దేవగణం, కులగోత్రాల్లాంటి వంశ వ్యవస్థ, వ్యాకరణంతో సహా కొత్త భాష. ఎంపైర్ ఆఫ్ ద పెటల్ థ్రోన్ పేరుతో డీ అండ్ డీ వాళ్లే, అంటే టీఎస్సార్ కంపెనీయే, దాన్ని అచ్చేసింది. చదివినవాళ్లు ఈ రోజుకీ ఆహా అంటారు. ఆడేవాళ్లు మాత్రం ఎప్పుడూ కొద్దిమందే. రూల్స్ కష్టమై కాదు, అవి ఇంచుమించు డీ అండ్ డీ రూల్సే. కొత్తగా కూర్చున్న మనిషికి "నేనెవరిని, ఎవరికి దణ్ణం పెట్టాలి, ఎవరి ఎదుట చెప్పులు వేసుకోకూడదు" అన్నది ముందే తెలియాలి. కొత్త కోడలు మొదటి రోజే అత్తగారింటి ఆచారాలన్నీ అప్పజెప్పాల్సి వస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఆ టేబుల్. నాకు చాలా ఇష్టమైన ప్రపంచం అది. ఒక్కసారి కూడా ఆడించలేకపోయాను.

ఇప్పుడు దీని పక్కన 1991లో వచ్చిన వాంపైర్: ద మాస్కరేడ్‌ని పెట్టండి. మార్క్ రైన్‌హాగెన్ రాశాడు, వైట్ వుల్ఫ్ కంపెనీ వేసింది. పదిముఖాల పాచికలు గుప్పెడు పట్టుకుని వేయాలి, పోరాటం వచ్చిందంటే ఆట నత్తనడక. రూల్స్ అంత గొప్పవని దాని అభిమానులు కూడా అనరు. అయినా అంతకుముందు గుహలు, డ్రాగన్ల ఆటని చూసి ముఖం తిప్పుకున్నవాళ్లు దీనికోసం వచ్చారు. ఎందుకంటే వాళ్లకి ముందు చరిత్ర పాఠం చెప్పలేదు, "నువ్వే రక్తపిశాచివి. ఏ క్లాన్?" అని అడిగారు. మన ఊళ్లో కొత్త మనిషి కనిపిస్తే "మీదే ఊరు? ఎవరి తాలూకు?" అని అడుగుతాం చూడండి, అదే ప్రశ్న. ఆ ఒక్క జవాబుతో మీకు బంధువులు, శత్రువులు, పరువు, పాత బాకీలు అన్నీ వచ్చేస్తాయి. ప్రపంచాన్ని పుస్తకంగా ఇవ్వకుండా, క్యారెక్టర్ షీట్ మీద ఎంచుకోవాల్సిన ఒక గడిగా ఇచ్చారు. ఆటగాడిని లాగే సెట్టింగ్ అని నేను మొదట్లో అన్నది దీన్నే. మ్యాపులూ రాజుల వంశవృక్షాలూ ఆట నడిపేవాడి ముచ్చట. "నేను ఇక్కడ ఎవరిని, నాకేం చేసే వీలుంది" అన్నది ఆటగాడి ముచ్చట.

ఇక్కడ ఇంకో మాట. ఇంటర్నెట్‌లో సెట్టింగా, రూల్సా అని కొట్టుకునేవాళ్లు దాదాపు అందరూ ఆట నడిపేవాళ్లే. పుస్తకాలు కొనేది వాళ్లు, రాత్రి పడుకునే ముందు చదివేది వాళ్లు. ఐదుగురు కూర్చునే టేబుల్‌లో సెట్టింగ్ పుస్తకం తెరిచేది ఒక్కరు. మిగతా నలుగురు తమ షీట్ దాటి చూడరు, చూడాల్సిన అవసరమూ లేదు. టీఎస్సార్ ఈ సంగతి పట్టించుకోక దెబ్బతింది. 1987లో ఫర్‌గాటెన్ రెల్మ్స్, 1989లో స్పెల్‌జామర్, 1991లో డార్క్ సన్, 1992లో అల్-ఖాదిమ్, 1994లో ప్లేన్‌స్కేప్, 1995లో బర్త్‌రైట్, ఇవి కాక ఇంకా కొన్ని. అన్నింటికీ రూల్స్ ఒకటే, ప్రపంచాలు వేరు. డార్క్ సన్ వాళ్లు ప్లేన్‌స్కేప్ కొనరు, ప్లేన్‌స్కేప్ వాళ్లు బర్త్‌రైట్ వైపు చూడరు. ఒకే వీధిలో ఒకే యజమాని ఆరు టిఫిన్ సెంటర్లు పెట్టినట్టు. 1997లో కంపెనీని విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్‌కి అమ్ముకోవాల్సి వచ్చింది. కారణాలు చాలానే ఉన్నాయిగానీ, కొనేవాళ్లని ఇలా ముక్కలు చేసుకోవడం వాటిలో ఒకటని ఆ తర్వాత లెక్కలు చూసినవాళ్లు చెప్పారు. వాటిలో కొన్ని అద్భుతమైన ప్రపంచాలే అన్నది వేరే సంగతి. ప్లేన్‌స్కేప్ పెట్టె నా దగ్గర ఇంకా ఉంది, అమ్మను.

సరే, సెట్టింగ్ రప్పిస్తుంది. మరి నిలబెట్టేది రూల్స్ అని ఎలా అంటున్నాను? మా టేబుల్ విరిగింది కాబట్టి.

2008లో డీ అండ్ డీ నాలుగో ఎడిషన్ వచ్చింది. అప్పటికి మేం ఏడాదిగా మూడున్నర (3.5) ఎడిషన్‌లో ఆడుతున్నాం. ప్రపంచం మా డీఎం (డంజన్ మాస్టర్, అంటే ఆట నడిపేవాడు) సొంతంగా అల్లినది, కంపెనీది కాదు. మనుషులు అదే ఐదుగురు, ఇల్లు అదే, పిజ్జా కూడా అదే. మారింది రూల్స్ ఒక్కటే. కొత్త ఎడిషన్‌లో కత్తి తిప్పేవాడికీ, మంత్రం వేసేవాడికీ ఒకే తరహా పవర్లు: ఎప్పుడైనా వాడేవి కొన్ని, పోరాటానికి ఒకసారి వాడేవి కొన్ని, రోజుకి ఒకసారి వాడేవి కొన్ని. గళ్ల మ్యాప్ లేకుండా పోరాటం నడవదు. బ్యాలెన్స్ చక్కగా ఉంది, అందులో అనుమానం లేదు. కానీ మంత్రగాడిగా ఆడే అబ్బాయి రెండో నెలలో "ఇదివరకు నేను తాడుని పాములా లేపి గోడెక్కేవాడిని, ఇప్పుడు నాలుగు గళ్ల దూరంలో ఉన్నవాడిని రెండు గళ్లు వెనక్కి నెడుతున్నాను" అన్నాడు. మూడో నెలకి ఇద్దరు మానేశారు. మా ఒక్కరి గొడవే కాదు ఇది. 2009లో పాత మూడున్నర రూల్స్‌నే సానబెట్టి పైజో కంపెనీ పాత్‌ఫైండర్ తెస్తే జనం గుంపులుగా అటు వెళ్లిపోయారు. పాత్‌ఫైండర్ ప్రపంచం గొలారియన్ బాగుంటుంది, కానీ అప్పట్లో అటు దూకినవాళ్లలో ఎక్కువమంది గొలారియన్ కోసం దూకలేదు. చేతికి అలవాటైన రూల్స్ పోగొట్టుకోలేక దూకారు. మా ఇద్దరూ ఆ పుస్తకంతోనే తిరిగొచ్చారు.

ఒకే ప్రపంచాన్ని వేర్వేరు రూల్స్‌తో ఆడితే ఏమవుతుందో చూడాలంటే టోల్కీన్ కథలు జరిగే మిడిల్ ఎర్త్ కంటే మంచి ఉదాహరణ లేదు. 1984లో ఐరన్ క్రౌన్ ఎంటర్‌ప్రైజెస్ మెర్ప్ అనే పేరుతో పిలిచే ఆట తెచ్చింది. దాని మ్యాపులు చూస్తే కళ్లు తిరుగుతాయి, అంత పనితనం. రూల్స్ మాత్రం రోల్‌మాస్టర్ అనే ఇంకో ఆట నుంచి కుదించినవి. దెబ్బ తగిలితే పట్టిక చూడాలి: ఎముక విరిగిందా, నరం తెగిందా, ఎన్ని రౌండ్లు మూర్ఛ. తడబాటు పట్టికలో "కనిపించని, ఊహాజనితమైన, చచ్చిన తాబేలు తగిలి పడిపోయావు" అనే ఫలితం ఒకటి ఉంది, దాన్ని చెప్పుకుని ఇప్పటికీ నవ్వుతారు. సరదాగానే ఉంటుంది. కానీ నెగ్గుకొచ్చే ఆశ, మెల్లగా కమ్ముకునే దిగులు, నెలల తరబడి నడక ఉన్న ఆ కథల రుచి ఆ తాబేలులో ఎక్కడుంది?

2011లో ఫ్రాన్సెస్కో నెపిటెల్లో రాసిన ద వన్ రింగ్ వచ్చింది. అందులో ప్రయాణానికే విడిగా రూల్స్ ఉన్నాయి. దారి చూపేవాడు ఒకడు, ముందు వెళ్లి చూసేవాడు ఒకడు, వేటాడి తెచ్చేవాడు ఒకడు, కాపలా కాసేవాడు ఒకడు. ఎవరి రోల్ తప్పితే ఆ కష్టం వాళ్ల వైపు నుంచి వస్తుంది. ఆశకు పాయింట్లు, చీకటికి పాయింట్లు. ఆశ ఖర్చు పెడితే పని అవుతుంది, కానీ అది చీకటి పాయింట్ల దాకా దిగితే మనిషి మనిషిలా ఉండడు. సాహసం అయ్యాక ఇంటికెళ్లి చలికాలం గడపడానికి కూడా ఆటలో ఒక దశ పెట్టారు. నేను దీన్ని హైదరాబాద్‌లో ఆడించినప్పుడు టేబుల్‌లో ఇద్దరు ఆ పుస్తకాలు చదవలేదు, ఒకామె సినిమాలు కూడా చూడలేదు. మూడో సెషన్‌లో ఆవిడే "ఇంక ఆశ ఖర్చుపెట్టను, ఇంటికి వెళ్లిపోదాం" అంది. ఆ ప్రపంచం గురించి నేను ఒక్క ఉపన్యాసమూ ఇవ్వలేదు. రూల్ ఇచ్చింది.

అయితే ఇంకో వైపు కూడా చెప్పాలి. అదే మిడిల్ ఎర్త్‌ని 2016లో డీ అండ్ డీ ఐదో ఎడిషన్ రూల్స్‌తో కూడా తెచ్చారు, దాన్నీ జనం కొన్నారు. కొత్త రూల్స్ నేర్చుకునే ఓపిక లేదు, తెలిసినవాటితోనే ఆ ప్రపంచంలో తిరగాలి అనుకునేవాళ్లు ఉంటారు. తప్పేం లేదు. ఆఫీసు నుంచి ఎనిమిదింటికి వచ్చి ఆడేవాడిని రెండొందల పేజీలు చదవమనడం అన్యాయం.

నేను ఈ విషయంలో ఒక నిర్ణయానికి వచ్చింది మాత్రం మీ ఊరి పక్కనే. అంటే ఆటలో. కాల్ ఆఫ్ కథుల్హు అని 1981లో శాండీ పీటర్సన్ రాసిన భయానక కథల ఆట ఉంది, కేయాసియం కంపెనీది. నూటికి ఎంత అని వేసే పాచికలు, షీట్ మీది అంకె దాటకుండా పడితే పాస్. క్యారెక్టర్ షీట్ మీద శానిటీ అని ఒక అంకె ఉంటుంది, మన భాషలో మతి అనుకోండి. చూడకూడనిది చూస్తే ఆ అంకె మీద రోల్ వేయాలి, తప్పితే అది తగ్గుతుంది. ఆ ఆట మామూలుగా 1920ల అమెరికాలో, ఎక్కువగా మసాచుసెట్స్ వైపు జరుగుతుంది. మా వాళ్లకి మసాచుసెట్స్ అంటే మేనత్త కూతురి అడ్రస్ మాత్రమే. అందుకని కథని 1925 భీమిలికి తెచ్చాను. అక్కడ పదిహేడో శతాబ్దం నాటి డచ్చివాళ్ల సమాధులు ఉన్నాయి కదా, ఒక సమాధి రాయి పక్కకి జరిగి ఉందని సర్వే గుమాస్తా చూస్తాడు, అక్కడ మొదలు. నలుగురు ఆటగాళ్లు. బ్యాంకులో పనిచేసే ఒక స్నేహితురాలు మెడికల్ కాలేజీ విద్యార్థి పాత్ర తీసుకుంది. విశాఖలో ఆ కాలేజీ 1923లోనే మొదలైంది కాబట్టి సరిపోయింది. తెలివి 80, మతి 55.

రాయి కిందికి దిగాక లాంతరు వెలుగులో ఆమెకి ఒక ఎముకల గూడు చూపించాను. మనిషిదే, కానీ పక్కటెముకలు లోపలి నుంచి ఇంకా పెరుగుతున్నాయి. రోల్ వేసింది: 71. తప్పింది. ఎంత పోయిందో చూడ్డానికి ఆరుముఖాల పాచిక వేస్తే ఆరు. ఐదు, ఆపైన ఒకేసారి పోతే తెలివి మీద ఇంకో రోల్ వేయాలి. 34 పడింది, 80 కంటే తక్కువ. "హమ్మయ్య, పాసయ్యాను" అని నవ్వింది. అప్పుడు చెప్పాను: ఈ ఒక్క రోల్ పాసైతేనే పిచ్చెక్కేది. చూసినదేంటో నీ బుర్రకి పూర్తిగా అర్థమైంది. ఫెయిలై ఉంటే మనసు దాన్ని కప్పేసేది.

పాచిక చేతిలోనే పట్టుకుని రెండు క్షణాలు ఊరుకుంది. తర్వాత, "అంటే నేను బాగా చదువుకోకపోయి ఉంటే బావుండేదా?" అంది.

పక్కన ముగ్గురూ గప్‌చుప్. పైన ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ ఆటకి మూలమైన కథల సారమంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది, ఆవిడ ఆ కథల్లో ఒక్కటీ చదవలేదు. మసాచుసెట్స్ తీసేశాను, ఆ ఊళ్లు తీసేశాను, ఆ దేవతల పేర్లు కూడా ఎత్తలేదు. అయినా సెట్టింగ్ చెక్కుచెదరకుండా భీమిలికి వచ్చేసింది, ఎందుకంటే అది ఉన్నది ఊరి పేర్లలో కాదు, ఆ రూల్‌లో. ఈ ఆటకి జపాన్‌లో డీ అండ్ డీ కంటే ఎక్కువ ఆదరణ ఉంది. మసాచుసెట్స్ మీద ప్రేమతో అయ్యుండదు.

ఇప్పుడు నా అరవై పేజీల కథ. 2013లో కాకతీయుల కాలం మీద సొంత సెట్టింగ్ రాశాను. గణపతిదేవుడి మోటుపల్లి రేవు, ఇప్పటి బాపట్ల జిల్లాలోది. 1244లో ఆయన అక్కడ అభయ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవారు, నేను మాత్రం న్యాయమైన సుంకం తప్ప ఏమీ ముట్టుకోను, సముద్ర వర్తకులు భయపడక్కర్లేదు అని దాని భావం. ఇంతకంటే మంచి సాహస కథా నేపథ్యం ఏముంటుంది? గంధం, కర్పూరం, ముత్యాలు, చీనా పట్టు, గూఢచారులు, వర్తక శ్రేణులు, అన్నీ రాశాను. ఎవరూ చదవలేదు. ఒకడు మాత్రం "ప్రింటవుట్ బాగుంది అన్నా" అన్నాడు.

అది భరించొచ్చు. అసలు దెబ్బ ఆటలో తగిలింది. నేను వాడింది పాత తరహా డీ అండ్ డీ రూల్స్: సంపాదించి తెచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక అనుభవ పాయింటు, పాయింట్లు పెరిగితే లెవెల్ పెరుగుతుంది. మొదటి సెషన్‌లోనే ఒడ్డుకి ఒక ఓడ కొట్టుకొచ్చింది. వర్తకుడు కాళ్లావేళ్లా పడుతున్నాడు. మా రాజుగారి మనుషులు, అంటే ఆటగాళ్లు, ఏం చేశారనుకుంటున్నారు? సుంకం గుమాస్తాని కట్టేసి సరుకంతా బళ్లకెత్తారు. శాసనం ఏం చేయొద్దందో సరిగ్గా అదే. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే తప్పు వాళ్లది కాదని తెలిసింది. పుస్తకంలో నేను న్యాయం అని రాశాను, రూల్స్‌లో దోపిడీకి జీతం ఇచ్చాను. మనుషులు జీతం వచ్చే పనే చేస్తారు.

మరుసటి వారం ఒక్క రూల్ మార్చాను. బంగారానికి పాయింట్లు లేవు. ఎవరికైనా మాట ఇచ్చి, నష్టం భరించి ఆ మాట నిలబెట్టుకుంటేనే పాయింట్లు. ఇచ్చిన మాటలు షీట్ వెనక రాసుకోవాలి. అదే నలుగురు, అదే రేవు. రెండో సెషన్‌లో కర్పూరం బస్తా ఒకటి తడవకుండా గోదాముకి చేర్చడానికి ఒకడు తన గుర్రాన్ని అమ్ముకున్నాడు. అరవై పేజీల్ని అరపేజీకి కుదించాను. ఆ అరపేజీ మాత్రం అందరూ చదివారు. ఆ ఆట పద్నాలుగు సెషన్లు నడిచింది, ఒకరికి పెళ్లి కుదిరి ఆగింది.

రూల్స్ కోసమే వచ్చేవాళ్లనీ చిన్నచూపు చూడొద్దు. మా పాత గ్రూపులో ఇద్దరు ఉన్నారు, తర్వాతి లెవెల్‌లో ఏ ఫీట్ (పాత్రకి అదనపు నైపుణ్యం) తీసుకోవాలో వారమంతా వాట్సాప్‌లో చర్చిస్తారు. ఊరి పేరు అడిగితే చెప్పలేరు. కానీ పదేళ్లలో ఒక్క సెషన్ కూడా ఎగ్గొట్టనిది వాళ్లే. పేకాటలో కథేముంది చెప్పండి, అయినా పెళ్లిళ్లలో తెల్లారేదాకా ఎవరినీ లేపలేం. అలాంటివాళ్లకి ఎంచుకోవడానికి, బేరీజు వేసుకోవడానికి ఏమీ లేని తేలికపాటి ఆట పెడితే రెండో వారం నుంచి రారు. మీ రెండో ఫ్రెండ్ ఆ రకమేమో కనుక్కోండి.

సెట్టింగ్ మరీ మనదైతే ఇంకో చిక్కు, సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నా. డీ అండ్ డీలో రాక్షస అనే జీవి ఉంది, పులి తల, అరచేతులు వెనక్కి తిరిగి ఉంటాయి. అమెరికాలో మా టేబుల్‌లో అందరూ హడలిపోయేవారు. హైదరాబాద్‌లో "రాక్షసుడికి పులి తలేంటి బ్రో" అని పావుగంట వాదన, ఆట ఆగిపోయింది. తెలిసిన సెట్టింగ్ దగ్గరికి లాగుతుంది, అలాగే ప్రతివాడినీ పండితుణ్ణీ చేస్తుంది. పురాణాల మీద ఆట పెడితే ఇందుకు సిద్ధపడి పెట్టండి.

ఇక మీ నలుగురి సంగతి. పుస్తకాలు కొనేశారు కాబట్టి ఐదో ఎడిషన్‌తోనే వెళ్లండి, మార్చొద్దు. ప్రపంచం అల్లే పని ఇప్పుడే పెట్టుకోకండి. 2014 స్టార్టర్ సెట్‌లోని లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్ దొరికితే అది ఆడించండి. ఫర్‌గాటెన్ రెల్మ్స్‌లో జరుగుతుందిగానీ ఆ ప్రపంచం గురించి ఒక్క ముక్క తెలియక్కర్లేదు. బండి తోలుకుంటూ వెళ్తుంటే దారికడ్డంగా రెండు చచ్చిన గుర్రాలు, పొదల్లో గాబ్లిన్లు. పది నిమిషాల్లో పాచికలు చేతిలో ఉంటాయి. క్యారెక్టర్లు తయారు చేసేటప్పుడు ప్రతి ఒక్కరినీ రెండే అడగండి: నువ్వు ఎవరి తాలూకు, ఎవరికి బాకీ ఉన్నావు. దేవుళ్ల పేర్లు, క్యాలెండర్, రాజవంశం మీ దగ్గరే ఉంచుకోండి. ఆటలో ఎవరైనా గుడిలోకి అడుగుపెట్టిన రోజున ఆ దేవుడి పేరు చెబితే చాలు.

అనుభవ పాయింట్ల విషయంలో మాత్రం మొదటి రోజే తేల్చుకోండి. రాక్షసుల్ని చంపితేనే పాయింట్లా, కథలో మైలురాయి దాటితే లెవెల్ పెరుగుతుందా. డంజన్ మాస్టర్స్ గైడ్‌లో రెండు పద్ధతులూ ఉన్నాయి. మీ మొదటి ఫ్రెండ్, ప్రపంచం చాలన్నతను, మైలురాయి పద్ధతిలో సంతోషంగా ఉంటాడు. రెండో ఆవిడ ప్రతి సెషన్ చివర ఎన్ని పాయింట్లు వచ్చాయని అడుగుతుంది, ఆమె కోసం చిన్న చిన్న బహుమతులు దగ్గర పెట్టుకోండి: ఒక ఆయుధం, ఒక కొత్త మంత్రం, ఊళ్లో ఒకరి సాయం. నాలుగో సెషన్ అయ్యాక ఇద్దరినీ విడివిడిగా, ఫోన్‌లో, "పోయిన వారం ఏం గుర్తుంది?" అని అడగండి. ఒకరు గుహలో వినిపించిన చప్పుడు చెబుతారు, ఒకరు ఇరవైముఖాల పాచిక మీద ఇరవై పడిన రోల్ చెబుతారు. ఐదో సెషన్ దాన్నిబట్టి రాసుకోండి.

పాచికలు ఒక్క సెట్ సరిపోదు, కనీసం రెండు కొనండి. ఫోన్ యాప్‌లో రోల్ వేస్తే ఆ గలగల రాదు. భీమిలి కథ నోట్స్ రెండు పేజీలున్నాయి, కావాలంటే కింద అడగండి, టైప్ చేసి పెడతాను. ఆడించే ముందు ఆ సమాధుల దగ్గరికి మీ వాళ్లని ఓ ఆదివారం పొద్దున తీసుకెళ్లండి. సాయంత్రం వద్దు, దోమలు.